ట్రయల్స్ బండి ట్యూబ్‌లెస్ వెనక చక్రం: విశాఖ ఉప్పుగాలిలో చాలాకాలం వాడాక

ఇంజను గురించి, క్లచ్ గురించి, సీటు లేకపోవడం గురించి అందరూ రాసేశారు. 250 సీసీ టూ స్ట్రోక్ ట్రయల్స్ బండి (కాలు కింద పెట్టకుండా బండలూ మెట్లూ ఎక్కించే పోటీల బండి) తెప్పించుకోవాలని చూస్తున్నవాళ్ళకి అవన్నీ ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటాయి. ఎవరూ సరిగ్గా చెప్పనిది వెనక చక్రం సంగతి. ఈ బండి మీద నాకున్న ఇష్టంలో సగం ఆ చక్రం వల్ల. కోపం మాత్రం మొత్తం దాని వల్లే.

ముందు ఇష్టం. 4.00-18 రేడియల్ ట్యూబ్‌లెస్ టైరు, లోపల 4 పీఎస్ఐ గాలి. మామూలు బండికి ముప్పై కొట్టించుకునేవాళ్ళు చూస్తే పంచరైందనే అనుకుంటారు. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. బండ అంచు ఎక్కేటప్పుడు ఈ టైరు అంచు మీద నిలబడదు, అంచుని తనలోకి తీసుకుంటుంది. ఆనందపురం, పద్మనాభం వైపు కొండల కింద ఉండే ఖోండలైటు రాయి పైపొర ఎర్రగా పొడిపొడిగా రాలుతుంటుంది. గాలి ఎక్కువున్న టైరు ఆ పొడిలో తిరగడమే తప్ప పట్టదు. అదే మెట్టుని 6 పీఎస్ఐలో ఎక్కితే వెనక చక్రం ఒక్క గెంతు గెంతి పక్కకి పోతుంది, 4లో గెంతకుండా పాకుతుంది. అక్టోబరు వానల్లో తడిసిన నల్ల చార్నకైటు బండ మీద కూడా, త్రాటిల్ తొందరపడకపోతే, పట్టు దొరుకుతుంది. పాకుడు పట్టిన చోట మాత్రం ఆశ పెట్టుకోకండి, అక్కడ ఏ టైరూ చేసేదేమీ లేదు.

ట్యూబు లేదు కాబట్టి రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి చిరిగేదీ లేదు. మేకు దిగితే తాడు ప్లగ్గు పెట్టి అక్కడికక్కడే కానిచ్చేయొచ్చు. ఇది మొదట్లో నేను అందరికీ గొప్పగా చెప్పిన మాట, ఇప్పటికీ నిజమే, కాకపోతే ట్రెడ్డు వరకే నిజం. ఈ టైరు పక్కగోడ చాలా పల్చన. అక్కడ పలుగురాయి కోసిందంటే ప్లగ్గు నిలవదు, ఎందుకంటే 4 పీఎస్ఐలో ఆ గోడ ప్రతి చుట్టుకీ మడత పడుతూనే ఉంటుంది. లోపలివైపు నుంచి పుట్టగొడుగు ప్యాచీ వేయిస్తే కొన్నాళ్ళు నడుస్తుంది, దాన్ని ప్రాక్టీసుకే ఉంచుకోవాలి.

ఇక కోపం.

స్పోకుల చక్రానికి ట్యూబ్‌లెస్ టైరు వేశారంటే స్పోకుల కన్నాల్లోంచి గాలి పోకుండా ఏదో ఒకటి అడ్డం పెట్టాలి కదా. నా బండిలో ఆ అడ్డం, రిమ్ము లోపలి గాడిలో చుట్టూరా కూర్చునే దళసరి రబ్బరు పట్టీ. వాల్వు కూడా ఆ పట్టీలోనే అచ్చుపోసి ఉంటుంది. రెండు అంచుల పెదవులు అల్యూమినియానికి అతుక్కుని ఉన్నంతకాలం గాలి నిలుస్తుంది. చల్లటి పొడి దేశాల్లో దీని గురించి ఎవరూ ఆలోచించక్కర్లేదేమో. సముద్రం గాలి తగిలే ఇంట్లో బండి పెట్టుకునేవాడికి అలా కుదరదు.

జరిగేది ఇదీ. ఉప్పు తేమ నిపుల్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) సందుల్లోంచి, అంటే హబ్ వైపు నుంచి లోపలికి దిగి పట్టీ కింద చేరుతుంది. అక్కడ ఎండ తగలదు, గాలి ఆడదు. అల్యూమినియం తెల్లటి పొడిగా ఉబ్బి, ఆ ఉబ్బు పట్టీ పెదవిని సన్నగా ఎత్తిపెడుతుంది. వాటర్ సర్వీసింగ్ పైపుతో స్పోకుల మీద కొట్టిస్తే ఇదే పని ఇంకా త్వరగా అవుతుంది. సాయంత్రం 4 ఉన్న గాలి పొద్దున్నకి రెండున్నర. మామూలు టైరుకి ఒకటిన్నర పీఎస్ఐ పోతే లెక్కలోకి రాదు, ఇక్కడ అది దాదాపు 40 శాతం. 3 కిందికి దిగిందంటే పక్కవాలు బండ మీద బీడు, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచు, రిమ్ము వదిలేసి ఒక్కసారిగా గాలంతా బయటికి పోతుంది, లేదా రాయి నేరుగా రిమ్ము అంచుకి తగిలి సొట్ట పడుతుంది. ఆ సొట్ట దగ్గర మళ్ళీ కొత్త లీకు.

పంచరు షాపులో చూపిస్తే మొదట వాల్వు పిన్ను మారుస్తారు, తర్వాత బీడు చుట్టూ గ్రీజు రాస్తారు. రెండూ దీనికి మందు కావు. మూడో మాట ఎప్పుడూ ఒకటే: "ట్యూబేసేద్దాం సార్, తలనొప్పి వదిలిపోద్ది." వదలదు. ఇంత తక్కువ గాలికి టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా తిరుగుతుంది, దాంతో పాటు ట్యూబు తిరిగి వాల్వు మొదట్లోనే తెగుతుంది. తెగకుండా ఉండాలంటే 8 దాకా పెట్టాలి, 8 పెట్టాక ఈ టైరు కొన్న ప్రయోజనమే లేదు. పంచరు ఆపుతుందని సీసాల్లో అమ్మే పచ్చ ద్రవం సంగతి కూడా అంతే: వాల్వుని మూసేస్తుంది, గేజిని పాడు చేస్తుంది, రేపు పట్టీ విప్పినప్పుడు ఆ జిగురంతా గోకలేక ప్రాణం పోతుంది.

అసలు లీకు ఎక్కడో తేల్చడానికి చక్రం విప్పి 20 పీఎస్ఐ కొట్టి బల్ల మీద పడుకోబెట్టండి. సర్ఫు నీళ్ళు బ్రష్షుతో నిపుల్స్ మీద, వాల్వు మొదట్లో, రెండువైపులా బీడు మీద రాసి ఓపిగ్గా చూడండి. నిపుల్ దగ్గర బుడగ వచ్చిందంటే తప్పు ఆ నిపుల్‌ది అనుకోకూడదు. పట్టీ ఒకచోట లేచినా గాలి దాని కింద చుట్టూ పాకి, ఎక్కడ సందు పెద్దదైతే అక్కడ బయటపడుతుంది. అందుకే బుడగ వచ్చిన నిపుల్ ఒక్కదానికే బయటినుంచి ఎంసీల్ పెడితే మర్నాడు పక్క నిపుల్ దగ్గర బుడగ కనిపిస్తుంది.

టైరు విప్పడమే కష్టమైన భాగం. పట్టీ గాడిలో కూర్చుని ఉంటుంది కాబట్టి బీడుని దింపుకోవడానికి లోతు తక్కువ. వాల్వు పిన్ను తీసి, టైరు పక్కన చెక్క ముక్క వేసి మడమతో చుట్టూ తొక్కుకుంటూ రావాలి, తర్వాతే పొట్టి లివర్లు. పొడవు లివరుతో బలం పెడితే పట్టీ పెదవి చిరుగుతుంది. విప్పే ముందు పట్టీ ఎటు తిరిగి ఉందో సుద్దతో గుర్తు పెట్టుకోండి.

పట్టీ తీశాక కింద కనిపించే తెల్ల పొడిని గిన్నెలు తోమే పచ్చ పీచుతో, నైలాన్ బ్రష్షుతో తియ్యాలి. ఇనుప తీగ బ్రష్షు వద్దు, దాని తునకలు అల్యూమినియంలో ఇరుక్కుని మళ్ళీ తుప్పుకి విత్తనం వేస్తాయి. మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. స్పోకుల బిగింపు ఏదైనా ఉంటే ఇప్పుడే చూసుకోండి, నిపుల్ దాటి పైకి పొడుచుకొచ్చిన స్పోకు కొసని ఆకురాయితో సమం చెయ్యండి. లేకపోతే అది పట్టీని కిందనుంచి పొడుస్తుంది.

పట్టీ పెదవుల కింద సన్నటి గీతలా సిలికాన్ పెట్టడం నాకు బాగా పనిచేసింది. అయితే ఏ సిలికాన్ అన్నదే ముఖ్యం. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే, వెనిగర్ వాసన కొట్టే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది అల్యూమినియాన్ని తింటుంది. లీకు ఆపడానికి పెట్టిందే ఆరు నెలల తర్వాత లీకు తెస్తుంది. డబ్బా మీద న్యూట్రల్ క్యూర్ అని ఉన్నదే తీసుకోండి. ఒకరోజంతా ఆరనివ్వండి.

బీడు కూర్చోబెట్టడానికి కాలి పంపు చాలదు. కంప్రెసర్ కావాలి, ఆటోనగర్‌లో ఏ టైరు షాపులోనైనా ఉంటుంది. వాల్వు పిన్ను లేకుండా, బీడుకి సబ్బు నీళ్ళు పూసి, ట్రెడ్డు మధ్యలో లోడు కట్టే బెల్టు చుట్టి బిగిస్తే బీడులు రెండూ బయటికి విచ్చుకుంటాయి. అప్పుడు గాలి వదలాలి. రెండుసార్లు టప్పుమని వినిపించాలి. టైరు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి దాటకూడదు, షాపులో కుర్రాడికి ముందే గట్టిగా చెప్పండి, వాళ్ళకి కారు టైర్ల అలవాటు. పిన్ను బిగించి 20 దగ్గర రాత్రంతా ఉంచి, పొద్దున్న 4కి దించండి.

గేజి 0 నుంచి 15 వరకే ఉన్నది కొనండి. పెట్రోలు బంకు మీటరు 4 దగ్గర చెప్పేది నమ్మకూడదు. ఈ సంగతి పోటీ నిర్వహించేవాళ్ళకి మరీ పనికొస్తుంది. పది సెక్షన్లు (గుర్తులు పెట్టిన అడ్డంకుల దారులు), మూడు లాపులు (వాటన్నిటినీ మూడుసార్లు చుట్టిరావడం) అనుకుందాం. ఉదయం ఆరున్నరకి నీడలో 4 పెట్టుకున్న టైరు, మూడో లాపుకి బండల మీద 20 డిగ్రీలు వేడెక్కిందంటే లోపల దాదాపు 5.2 ఉంటుంది. మొదటి లాపులో కాలు పెట్టకుండా సున్నాతో దాటిన మెట్టు దగ్గర మూడో లాపులో కాలు పెట్టి ఒకటో రెండో మార్కులు పోగొట్టుకుంటారు, అలసట అనుకుంటారు. అందుకని లాపుకీ లాపుకీ మధ్య నీడలో ఒక బల్ల, ఒకే ఒక్క గేజి, చిన్న కంప్రెసర్ పెట్టండి. ఎవరి గేజి వాళ్ళు తెచ్చుకుంటే ఒకదానికొకటి ఒక పీఎస్ఐ తేడా చూపిస్తాయి, 4 దగ్గర ఆ తేడాతో ఫలితమే మారుతుంది. సెక్షన్లు గీసేటప్పుడు పక్కవాలు బండలున్నవాటిని సగం దారిలో కాక ఈ బల్లకి దగ్గరగా పెడితే, బీడు వదిలిన బండిని మోసుకొచ్చే బాధ తప్పుతుంది. కుడివైపు ఎర్ర గుర్తు, ఎడమవైపు నీలం, మార్కులు వేసే అబ్జర్వర్ నిలబడే చోటు లాంటివి వేరే చెప్పక్కర్లేదు. చోటు మాత్రం యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్న తోటో, మూసేసిన క్వారీయో చూసుకోండి. కంబాలకొండ అభయారణ్యం, ఎర్రమట్టి దిబ్బలు, బీచ్ ఇసుక, వీటి వైపు చూడనే వద్దు.

రోజువారీ సంరక్షణ చిన్నదే: బకెట్టు, మగ్గు, మంచినీళ్ళు. తీరం దగ్గర బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి, కుళాయి నీళ్ళు వాడండి. ఆరాక నిపుల్స్ మీద తుప్పు పట్టనివ్వని స్ప్రే కొంచెం, టైరు మీద పడకుండా. ట్రెడ్డు దిమ్మల ముందు అంచులు గుండ్రబడితే, దిశ బాణం లేని టైరైతే తిప్పి వేసుకోండి, పదునైన అంచు మళ్ళీ దొరుకుతుంది. తారు రోడ్డు మీద నడపకండి. ఎలాగూ నంబరు లేని బండి, టాటా ఏస్‌లో వేసుకెళ్ళడమే దారి. మెత్తటి రబ్బరు తారు మీద చూస్తుండగానే అరుగుతుంది.

మరి కొనొచ్చా అంటే, మీ ఇల్లు ఎక్కడుందో చెప్పాలి. పెందుర్తి, సబ్బవరం అవతల లోపలికి ఉన్నవాళ్ళకి ఈ పట్టీ గొడవ ఇంత ఉండకపోవచ్చు. బీచ్ రోడ్డుకి దగ్గరగా, భీమిలి దారిలో ఉండేవాళ్ళు ఏడాదికోసారి టైరు విప్పడానికి సిద్ధపడాలి, సొంతంగా విప్పగలగాలి. హీరో ఎక్స్‌పల్స్ లాంటి మన బండినే ట్రయల్స్‌కి మార్చుకున్నవాళ్ళు దీని జోలికి రాకుండా ట్యూబుతో నడిచే 18 అంగుళాల ట్రయల్స్ టైరు, టైరు రిమ్ము మీద తిరగకుండా పట్టుకునే రిమ్ లాకు వేసుకుని 7, 8 పీఎస్ఐలో నేర్చుకోవచ్చు. పట్టు ఇంత రాదు, నిద్ర మాత్రం పడుతుంది. స్పోకుల్ని రిమ్ము మధ్యలో లేపిన అంచుకి తగిలించే రకం కూడా ఉంది. అందులో గాలి గదిలోకి కన్నమే ఉండదు కాబట్టి పట్టీ అవసరమూ లేదు. నాకైతే అదే కావాలి, కానీ చక్రం మొత్తం విదేశం నుంచి తెప్పించాలి, సుంకం కట్టాలి. ఈ తుపాన్ల సీజను దాటాక మారుస్తానా లేదా అన్నది అప్పటి యూరో ధరని బట్టి ఉంటుంది. ఈలోగా ఒక స్పేరు పట్టీ తెప్పించి పౌడరు రాసి కవరులో పెట్టుకున్నాను.