విశాఖ – అరకు – పాడేరు – మాడుగుల: సైకిల్ మీద మూడు రోజులు

విశాఖలో సైకిల్ తొక్కే వాళ్లందరికీ ఒక సరదా ఉంటుంది, ఒక్కసారైనా అరకు ఎక్కాలని. ఎక్కి, అక్కడ ఫొటో దిగి, సైకిల్‌ని ఏ బొలెరోలోనో వేసుకుని దిగిపోతారు. నేనూ రెండుసార్లు అలాగే చేశాను. నవంబరు చివర్లో మాత్రం వెనక్కి రాకుండా అరకు నుంచి పాడేరు, పాడేరు ఘాట్ దిగి మాడుగుల, చోడవరం మీదుగా విశాఖ, మొత్తం చుట్టు తిరిగి వచ్చాం. లెక్క చూస్తే 270 కిలోమీటర్లు, మూడు రోజులు. ముందే చెప్పేస్తా, ఈ చుట్టులో నాకు అన్నిటికన్నా తక్కువ నచ్చింది అరకు ఊరే.

బుధవారం ముగ్గురం బయల్దేరాం. శని, ఆదివారాలు ఈ దారిలో సైకిల్ వేయకండి, ఆ రెండు రోజులూ మలుపు మలుపుకీ కార్లే, అందులో సగం మందికి ఘాట్ మీద నడపడం అదే మొదటిసారి. తెల్లవారుజామున నాలుగున్నరకి ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర కలిసి పెందుర్తి, కొత్తవలస దాటేసరికి తెల్లారింది. శృంగవరపుకోట దాకా చెప్పుకోడానికేమీ లేదు, లారీలు, దుమ్ము, అంతే. ఎస్.కోటలో మాత్రం కడుపునిండా తినండి. మేం ఇడ్లీ, పెసరట్టు తిని, నీళ్ల సీసాలు నింపుకుని, జేబుల్లో అరటిపళ్లు, వేరుశనగ చిక్కీలు పెట్టుకున్నాం. అక్కడ టీ కొట్టు తాత మా సైకిళ్లని అటూ ఇటూ తిప్పి చూసి "ఏటి బాబూ, దీనికి మోటారు లేదేటి? అరకెల్తారా దీనిమీద?" అని పడీపడీ నవ్వాడు. రెండు గంటల తరవాత ఆ నవ్వుకి అర్థం తెలిసింది.

బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఎస్.కోట వంద మీటర్ల ఎత్తు కూడా ఉండదు, అరకు తొమ్మిది వందల చిల్లర, కానీ రోడ్డు నేరుగా అరకు ఎత్తుకు వెళ్లి ఆగదు, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ఇంకా పైకి లాక్కెళ్లి, అప్పుడు అరకులోకి దింపుతుంది. నిజానికి ఏ ఒక్క చోటా గోడలా నిలబడే ఎక్కుడు లేదు. బాధ ఏంటంటే అది అయిపోదు. టైడా దగ్గర నీడ బాగుంటుంది, చల్లగాలి తగులుతుంది, అక్కడ పది నిమిషాలు కాళ్లు చాపుకుని కూర్చోండి, కానీ తినేది చేతిలో పట్టుకుని కాదు, కోతులు లాక్కుపోతాయి. నా చిక్కీ అలాగే పోయింది. ముందు గేరు చక్రానికి 34, వెనక దానికి 32 పళ్లతో (వెనక పళ్లు ఎక్కువుంటే ఎక్కుడు తేలిక) నేను కూర్చునే తొక్కాను, మా వాడి సైకిల్‌కి వెనక 28 మాత్రమే, వాడికి అనంతగిరి చేరేసరికి పిక్కలు పట్టేశాయి. గేర్ల విషయంలో పొగరుకి పోవద్దు.

బొర్రా గుహలు చూడాలనుకుంటే ఒక మాట. అసలు రోడ్డు వదిలి కిందికి దిగాలి, దిగినంతా మళ్లీ ఎక్కాలి. సైకిల్ ప్రయాణంలో దాన్ని కలపొద్దు, ఇంకోసారి ఇంట్లో వాళ్లతో రైల్లో రండి.

రైలు అంటే గుర్తొచ్చింది. మా ముగ్గురిలో ఒకడికి మోకాలి నొప్పి, వాడు ఘాట్ వద్దనుకుని విశాఖ నుంచి పొద్దుటి కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాడు. సైకిల్‌ని లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో వేయించాడు, అందుకోసం స్టేషన్‌కి కాస్త ముందే వెళ్లి పని చూసుకోవాలి, అంతకుమించి టెన్షన్ లేదు. ఆ లైన్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, సిమిలిగూడ దగ్గర టీ తాగుతూ ఫొటోలు పంపించాడు, మేం ఇక్కడ ఊపిరాడక చస్తుంటే. ఎక్కుడు భయపడే వాళ్లు ఇలా చేయొచ్చు, తప్పేం లేదు, ఎందుకంటే అసలు బాగుండే దారి అరకు తరవాతే ఉంది.

గాలికొండ దాటి సుంకరిమెట్ట కాఫీ తోటల్లోకి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, ఆ నీడలో దిగుతుంటే పొద్దుటి నుంచి పడ్డదంతా మర్చిపోయాం. రోడ్డు పక్కన బొంగు చికెన్ పొగలు. తినండి, కానీ ధర ముందే అడగండి, బొంగుకా కిలోకా అన్నది కూడా అడగండి. మేం అడగలేదు.

అరకులో బస గురించి. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఒక రిసార్టులో 2,800 పెట్టి గది తీసుకున్నాం, పేరు ఎందుకులెండి. సైకిళ్లు గదిలోకి వద్దన్నారు, బయట వరండాలో పెట్టమన్నారు, వాచ్‌మన్ ఉన్నాడా అంటే ఉన్నాడన్నారు, రాత్రి చూస్తే వాచ్‌మన్ లేడు, కుక్క ఉంది. ముగ్గురి సైకిళ్లు కలిపి లక్షన్నర పైమాటే, ఇంక నిద్రేం పడుతుంది? గీజరు లేదు, బకెట్టుతో వేడినీళ్లు తెస్తామని ఒకే ఒక్కసారి తెచ్చారు. గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి "సైకిల్ లోపల పెట్టుకోనిస్తారా" అని అడగడం అప్పటి నుంచి అలవాటైంది. సాయంత్రం గిరిజన మ్యూజియం చూశాం, అది బాగుంది, లోపల బొమ్మలతో ఊరి జీవితమంతా కట్టి చూపించారు. మిగతా బజారంతా విశాఖ బీచ్ రోడ్డు పైకెక్కి కూర్చున్నట్టుంది.

రెండో రోజు కోసమే ఇదంతా రాస్తున్నాను. అరకు నుంచి డుంబ్రిగూడ, హుకుంపేట మీదుగా పాడేరు, 45 కిలోమీటర్లు. కారులో వచ్చేవాళ్లలో ఎక్కువమంది డుంబ్రిగూడ దగ్గర చాపరాయి చూసి వెనక్కి తిరుగుతారు, దాని తరవాత రోడ్డు మనదే. పెద్ద ఘాట్ ఏమీ ఉండదు, చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్లు, ఒకటి దిగిన ఊపుతోనే ఇంకోటి సగం ఎక్కేయొచ్చు. రెండు పక్కలా వలిసె పూలు, పసుపు ఆరబోసినట్టు. కోత అయిపోయిన వరి మళ్లు, ఇళ్ల ముందు పట్టాల మీద ఎండబెట్టిన కాఫీ పళ్లు, రాజ్‌మా. పొద్దున తొమ్మిది దాకా మంచు విడవదు కాబట్టి వెనక ఎర్ర లైటు తప్పదు, చేతులకి గ్లౌజులు కూడా. ఒక ఊళ్లో నీళ్లడిగితే ఒకామె రాగి అంబలి ఇచ్చింది, డబ్బులిస్తే తీసుకోలేదు, "తాగండి బాబూ, దూరం ఎల్లాల కదా" అంది. నాలాంటి వాడికి ఆ అంబలి ముందు ఏ ఎనర్జీ జెల్లూ పనికిరాదు.

ఒక్క ఇబ్బంది, అక్కడక్కడా జాతీయ రహదారి వెడల్పు పని. 516ఈ అని రాజమండ్రి నుంచి విజయనగరం దాకా ఈ కొండల మీదుగానే పోతుంది. పని జరిగిన చోట రోడ్డు అద్దంలా ఉంది, జరుగుతున్న చోట కంకర. 25 మిల్లీమీటర్ల సన్న టైర్లతో వచ్చినవాడికి రెండు పంక్చర్లు. ఏజెన్సీలో పంక్చర్ షాపులు ఉంటాయి, కానీ వాళ్ల పంపు మన సన్న వాల్వుకి పట్టదు. స్పేర్ ట్యూబులు రెండు, పంపు, ప్యాచ్‌లు మనమే మోసుకోవాలి. టైరు 28 కన్నా తక్కువ వద్దు. దారిలో చెక్‌పోస్టులో బ్యాగు విప్పమంటే విప్పి చూపించండి, రెండు నిమిషాల పని.

పాడేరులో లాడ్జి 900. గోడలకి సున్నం రాలుతోంది, టీవీ పనిచేయదు. అయితేనేం, దుప్పట్లు ఉతికినవి, గీజరు ఉంది, పైగా ఓనరే "సైకిళ్లు గదిలో పెట్టుకోండన్నా, పిల్లలు గేర్లు కెలుకుతారు" అన్నాడు. అరకు 2,800 కంటే ఇదే నయం. మెస్‌లో అన్నం, పప్పు, నాటుకోడి కూర, అడిగినంత పెట్టారు. ఎక్కువ దూరం తొక్కే ఓపిక ఉంటే అరకులో ఒక పూట ఆగి, రాత్రి బస పాడేరులో పెట్టుకోండి. చీకటి మాత్రం ఐదున్నరకే పడిపోతుంది, లెక్క చూసుకోండి.

పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి కనపడే మేఘాల కోసం మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికే ఆటో మాట్లాడుకున్నాం. సైకిల్ మీద వద్దు, చివర్లో ఎలాగూ నడవాలి. చూశాం, బాగుంది, జనం మరీ ఎక్కువ, ప్లాస్టిక్ కూడా.

ఎనిమిదింటికి పాడేరు వదిలాం. మినుములూరు కాఫీ తోటలు దాటాక ఘాట్ దిగుడు. ఎక్కడం కంటే ఇది నన్ను ఎక్కువ భయపెట్టింది. అరకు ఘాట్ కంటే ఇరుకు, మలుపు అవతల ఏ బస్సు వస్తోందో కనపడదు, చెట్ల నీడలో రోడ్డు తడిగా ఉంటుంది. మోదకొండమ్మ అమ్మవారి పాదాల దగ్గర ఆగి దండం పెట్టుకుని, చక్రాలు ముట్టుకుంటే రిమ్ బ్రేకుల (చక్రం అంచుని నొక్కే బ్రేకులు) వాడిది చుర్రుమంది. కాసేపు చల్లారనిచ్చి దిగాం. బ్రేకులు అదేపనిగా నొక్కి పట్టుకోకుండా, మలుపు ముందు గట్టిగా వేసి వదలాలి. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేసుకోకుండా ఈ ఘాట్‌లోకి దిగకండి.

కింద వేడి ఒక్కసారిగా మొహానికి కొట్టింది. మాడుగులలో హల్వా, గోధుమ పాలతో చేసేది, వేడిగా ఉండగానే ఆకులో వేయించుకుని నిలబడి తిన్నాం, మా మోకాలి నొప్పి వాడు రెండుసార్లు. ఇంటికి అరకిలో చొప్పున కట్టించుకున్నాం. అక్కడి నుంచి చోడవరం, సబ్బవరం మీదుగా విశాఖ, చెరకు బళ్లు, గుంతలు. గుంతలు ఎంతలా అంటే ఇంటికొచ్చి బ్యాగు విప్పేసరికి హల్వా నెయ్యి కారి నా జెర్సీ, టవలు, స్పేర్ ట్యూబు అన్నీ ఒకటే వాసన. మా ఆవిడ హల్వా తీసి పక్కన పెట్టి, బ్యాగుని మాత్రం గుమ్మం బయటే ఉంచమంది.