ఎడమకు లాగే ఎనిమిది చక్రాల బండి: ఆరేళ్ల వాడకం తర్వాత

కెనడాలోని ఉత్తర ఒంటారియోలో, సడ్‌బరీ నగరానికి ఉత్తరాన, రోడ్డు లేని ఒక సరస్సు ఒడ్డున మాకు చిన్న కలప ఇల్లు ఉంది. ఇక్కడివారు అలాంటి ఇంటిని క్యాంపు అంటారు. అక్కడికి సామాను చేరవేయడానికి కొన్న, నేల మీదా నీటి మీదా నడిచే ఎనిమిది చక్రాల బండిని ఆరేళ్లలో 430 గంటలు నడిపాను. మనిషి మోకాలి దాకా దిగబడే నాచునేల మీద అది దిగబడకుండా సాగిపోవడం చూస్తే నాకు నేటికీ సంతోషమే. నాలుగో ఏట మాత్రం, హ్యాండిల్ తిన్నగా పట్టుకున్నా, బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది.

ఈ బండిలో ఏ చక్రమూ పక్కకు తిరగదు. హ్యాండిల్‌ను ఎడమకు తిప్పితే ఎడమ వరుసకు చెందిన బ్రేకు, ఆ వరుసతో పాటు తిరిగే లోహపు బిళ్లను, అంటే డిస్క్‌ను, పట్టుకుంటుంది. ఆ వరుస నెమ్మదించినకొద్దీ ఇంజిన్ శక్తిని రెండు వరుసలకూ పంచే డిఫరెన్షియల్ కుడి వరుసను వేగంగా తిప్పుతుంది, అలా బండి మలుపు తీసుకుంటుంది. కాబట్టి హ్యాండిల్ తిప్పకుండానే ఒక పక్కకు లాగుతోందంటే, ఆ పక్కన ఏదో చక్రాలను పట్టి ఉంచుతోందని అర్థం.

బండి అమ్మిన దుకాణంలో టైర్లు అరిగాయని చెప్పి ఎడమవైపు రెండింటిని మార్చారు. లాగుడు ఇంకా పెరిగింది. కొత్త టైర్ల చుట్టుకొలత పాతవాటికంటే దాదాపు 4 సెంటీమీటర్లు ఎక్కువ. ఒక వరుసలోని నాలుగు చక్రాలూ గొలుసులతో ముడిపడి ఒకే లెక్కన తిరగాలి కనుక, కొలతలు కలవని టైర్లు నేలను రాస్తూ ఒకదానినొకటి అడ్డుకుంటాయి. ఈ సంగతి అమ్మేవారికి తెలియకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. నాలుగూ ఒకే కొలతవి వేసి, తక్కువ ఒత్తిడిని కొలిచే ప్రత్యేక గేజీతో అన్నింటిలో గాలి సమం చేశాక లాగుడు కొంత తగ్గింది, కానీ పోలేదు.

అసలు ఆధారం సరస్సులో దొరికింది. నీటిలో తేలుతున్నప్పుడు టైర్లకు నేలతో రాపిడి ఉండదు. అయినా బండి ఎడమకే తిరుగుతోంది. అంటే లోపం బండి లోపలే ఉంది. పైగా బయలుదేరిన అరగంటకు, అంతా వేడెక్కాక, లాగుడు ఎక్కువయ్యేది.

బండిని దిమ్మల మీదికి ఎత్తి, చేత్తో తిప్పిచూస్తే ఎడమ వరుస బిగుసుకుపోయి ఉంది. ద్రవం ఒత్తిడితో పిస్టన్ కదిలి ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగమే కాలిపర్. ఎడమ కాలిపర్‌లో ద్రవాన్ని బయటికి వదిలే బ్లీడర్ స్క్రూను కొంచెం వదులు చేయగానే బ్రేకు ద్రవం చిమ్మి, చక్రాలు సులువుగా తిరిగాయి. పిస్టనే ఇరుక్కుని ఉంటే అలా వదలదు. కనుక ద్రవం కాలిపర్‌కు వచ్చే దారిలోనే ఎక్కడో ఒత్తిడి చిక్కుకుందని తేలింది. హ్యాండిల్ తిప్పినప్పుడు ద్రవాన్ని కాలిపర్‌కు పంపేది మాస్టర్ సిలిండర్; దాన్ని నెట్టే కడ్డీకి, అంటే పుష్‌రాడ్‌కు, ఏమాత్రం ఖాళీ లేకపోవడంతో, ద్రవం వెనక్కి వెళ్లే రంధ్రం మూసుకునే ఉంది. వేడికి వ్యాకోచించిన ద్రవానికి దారి లేక, ప్యాడ్లు డిస్క్‌ను నొక్కుతూనే ఉన్నాయి. పుష్‌రాడ్‌కు ఒక మిల్లీమీటరు దాకా ఖాళీ ఇచ్చి, కాలిపర్ పిన్నుల తుప్పు తీసి, కొత్త ద్రవం పోసి బ్రేకు గొట్టాల్లోని గాలి తీసేశాను.

అప్పటినుంచి రెండు సీజన్లుగా బండి తిన్నగా నడుస్తోంది. ఏటవాలులో అడ్డంగా వెళ్లేటప్పుడు పల్లం వైపు కొద్దిగా జారుతుంది, అది వాలు వల్లే. నీటిలో దిగిన ప్రతిసారీ ఇరుసు బేరింగులకు కొత్త గ్రీజు బయటికి కనిపించేదాకా పట్టిస్తున్నాను. ఇలాంటి బండి నాకు మళ్లీ కావాలంటే ఇదే కొంటాను, కానీ బ్రేకు దగ్గరికి చేరడానికి సగం బండి విప్పాల్సిన ఈ అమరికను మాత్రం తయారీదారులు మార్చాలి.