ఏఏ మీటింగులు: ఖర్చు లేదు, కానీ వెళ్లే పద్ధతి ఉంది

మందు మానిన మనిషి మళ్లీ ముట్టకుండా నిలబడటానికి తాగుడు సమస్య ఉన్నవాళ్లే ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (అందరూ ఏఏ అంటారు) మీటింగులు బాగా పనికొస్తాయి. ఆపిన మొదటి నాలుగైదు రోజులు గట్టెక్కించడం మాత్రం వాళ్ల పని కాదు. ఈ సంగతి తెలియక వెళ్లినవాళ్లే ‘కూర్చుని కబుర్లు చెప్పుకోవడం తప్ప అక్కడేముంది’ అని తిరిగొచ్చేస్తుంటారు.

రోజూ గట్టిగా తాగేవాళ్లు, పొద్దున్నే చేతుల వణుకు తగ్గడానికి ఒక పెగ్గు వేసుకునేవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపకూడదు. ఆపిన 6 గంటల నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావొచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనపడి, ప్రాణం మీదికి రావొచ్చు. అందుకే ముందు సైకియాట్రిస్టు. ప్రభుత్వాసుపత్రి అయితే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు. తెలంగాణలో కల్తీ కల్లు అలవాటున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అందులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. తాగేది ‘కల్లే కదా’ అనుకుంటారు గానీ, ఆపినప్పుడు దెబ్బ కొట్టేది ఆ మత్తుమందులే. తాగేది కల్లు అని డాక్టరుకు విడిగా చెప్పండి. దాన్నిబట్టి వైద్యం మారుతుంది.

ఇక గ్రూపు వెతకడం. ఈ సేవలో నాకు నచ్చని భాగం ఇదే. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరివారీగా మీటింగుల జాబితా ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుని నేరుగా వెళ్లొద్దు. చాలా గ్రూపులు చర్చి గదుల్లోనో, స్కూలు గదుల్లోనో నడుస్తాయి. పండగ వచ్చినా, సెలవులు ఇచ్చినా ఆ పూట గదికి తాళమే. ముందు ఏఏ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: ఈ రోజు మీటింగు ఉందా, ఏ భాషలో, ఓపెనా క్లోజ్డా, ఏ గేటు ఏ అంతస్తు. చివరి ప్రశ్న చిన్నదిగా కనపడుతుంది గానీ, బయట పెద్ద బోర్డు పెట్టరు కాబట్టి గేటు దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు తక్కువేం కాదు. ఓపెన్ మీటింగుకు ఇంట్లోవాళ్లూ రావొచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. గూగుల్‌లో వెతికితే డబ్బు తీసుకునే డీఅడిక్షన్ సెంటర్లు ముందు కనపడతాయి. ఫీజు అడిగారంటే అది ఏఏ కాదు.

లోపల ఒకే తరహా: ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు 12 మెట్ల (మందుకు దూరంగా నిలబడటానికి ఏఏ చెప్పే దశలు) బ్యానరు, పక్కనే 12 సంప్రదాయాల (గ్రూపులు పాటించే నియమాలు) బ్యానరు, ఒక మూల టీ ఫ్లాస్కు. గంట, గంటన్నర నడుస్తుంది. మొదట ముందుమాట చదువుతారు, తర్వాత ఒక్కొక్కరూ కొన్ని నిమిషాలు మాట్లాడతారు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అడ్డు రారు, సలహా ఇవ్వరు. కొత్తవాళ్లు పేరు చెప్పి ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు. చివర్లో ఒక సంచి తిప్పుతారు. కొత్తవాళ్లు అందులో ఏమీ వేయక్కర్లేదు. బయటివాళ్ల విరాళాలు తీసుకోకపోవడం వాళ్ల నియమం, గది అద్దె, టీ ఖర్చు ఆ సంచిలోంచే.

అసలు ఉపయోగం మీటింగు అయ్యాక టీ దగ్గర ఉంటుంది. ఫోన్ నంబర్లు అక్కడే ఇచ్చుకుంటారు. ముగ్గురు నలుగురి నంబర్లు తీసుకోండి, తాగాలనిపించిన సాయంత్రం ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు ఎత్తుతారు. ఆ 12 మెట్లలో చేయిపట్టి నడిపించే పాత సభ్యుణ్ని స్పాన్సర్ అంటారు, ఆ స్పాన్సర్‌ను మొదటి వారమే పట్టుకోనక్కర్లేదు. కొన్నేళ్లుగా మానేసి, మీ మాట వినే ఓపిక ఉన్నవారిని చూసుకోండి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు అనేది ఆనవాయితీ.

90 రోజుల్లో 90 మీటింగులు అనే మాట అక్కడ వినపడుతుంది. చిన్న ఊళ్లలో వారానికి ఒకటో రెండో ఉంటాయి, మిగతావి ఆన్‌లైన్‌లో పూరించాల్సిందే. గ్రూపుకూ గ్రూపుకూ చాలా తేడా. ఒకచోట కుదరకపోతే కనీసం మూడు నాలుగు గ్రూపులు చూశాకే తీర్పు చెప్పండి.

లోపాలూ చెప్పాలి. దేవుడి ప్రస్తావన ఎక్కువ. ‘ఎవరికి అర్థమైన దేవుడు వారికి’ అంటారు గానీ నాస్తికులకు మొదట్లో ఇబ్బందే. చాలా గదుల్లో ఆడవాళ్లు ఒకరో ఇద్దరో, కాబట్టి వాళ్లు మహిళల ఆన్‌లైన్ మీటింగులతో మొదలుపెట్టడం మేలు. అన్నిటికంటే ప్రమాదం, ‘మాత్రలు కూడా మత్తే, మానేయ్’ అని చెప్పే అత్యుత్సాహ సభ్యులు. అది ఏఏ మాట కాదు, వైద్యంలో వాళ్లు వేలు పెట్టరు. డాక్టరు రాసిన మాత్ర డాక్టరే ఆపాలి. 27 అధ్యయనాలను పరిశీలించిన 2020 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ) సమీక్షలో మంచి ఫలితాలు కనపడింది కూడా, చికిత్స చేసేవాళ్లు ఒక పద్ధతిలో రోగులను ఏఏకి జోడించిన చోటే.

ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అనే వేరే గ్రూపులున్నాయి. భర్త రాకపోయినా భార్య వెళ్లొచ్చు. ‘అతనికి తెలియకుండా అన్నంలో కలపండి’ అని అమ్మే పొడుల జోలికి మాత్రం పోవద్దు. వాటిలో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే మందు) ఉంటే, అది తిన్నాక తాగిన మనిషి ప్రాణమే పోవచ్చు. దగ్గర్లో గ్రూపు దొరక్కపోతే ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు, మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఆఫీసులో చూపడానికి సర్టిఫికెట్ కావాలంటే అది డాక్టరు దగ్గరే తీసుకోవాలి. ఏఏలో హాజరు పట్టీ ఉండదు.