మహిళా అధ్యాపకుల లీడర్‌షిప్ వర్క్‌షాప్: ఐదుకు మూడు

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ పెట్టిన మూడు రోజుల కార్యక్రమం ఇది. భోజనం, బసతో కలిపి ఫీజు 6,000. యూనివర్సిటీ ఒక్క రూపాయి ఇవ్వలేదు, నా జేబులోంచే కట్టాను. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నా.

మొదటి రోజు దండగ. మీటింగులో గొంతు ఎలా పెంచాలి, ఎదుటివాళ్ల కళ్లలోకి ఎలా చూడాలి, ఏ రంగు చీర హుందాగా ఉంటుంది... పాతికేళ్లుగా నిండు క్లాసుల్ని అదుపులో పెడుతున్నవాళ్లకా ఈ పాఠం! హన్సా మెహతా 1949లోనే బరోడా యూనివర్సిటీకి వీసీ (వైస్ ఛాన్సలర్) అయ్యారని స్లైడ్ వేసి చప్పట్లు కొట్టించారు. మరి ఢిల్లీలోని జామియా యూనివర్సిటీకి 2019 దాకా, జేఎన్‌యూకు 2022 దాకా, అలీగఢ్‌కు 2024 దాకా మొదటి మహిళా వీసీ ఎందుకు రాలేదండీ అని అడిగితే, పాఠం చెబుతున్న కుర్రాడు 'విల్ పవర్ మేడమ్' అన్నాడు.

డబ్బులు గిట్టింది రెండో రోజే. రిజిస్ట్రార్‌గా రిటైరైన ఒక మేడమ్ వచ్చారు. స్లైడ్లు లేవు, తెల్ల కాగితాలు పంచారు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వీసీ పోస్టుకు ప్రొఫెసర్‌గా కనీసం పదేళ్ల అనుభవం చూస్తారు కదా, మీకు ఆ పదేళ్లు ఎప్పటికి నిండుతాయో లెక్కేసుకోండి అన్నారు. కాన్పులకీ, ఇంట్లో పెద్దల జబ్బులకీ పీహెచ్‌డీ వాయిదా వేసి, ప్రమోషన్ ఆలస్యమైనవాళ్లమే సగం మందిమి. నా లెక్కలో 61వ ఏట అని తేలింది.

తర్వాత, ఇప్పటిదాకా చేసిన అదనపు బాధ్యతలు రాయమన్నారు. హాస్టల్ వార్డెన్, విమెన్స్ సెల్, కల్చరల్ కమిటీ, వచ్చిన అతిథులకు బొకేలు. పరీక్షల విభాగం, ఫైనాన్స్ కమిటీ రాసినవాళ్లు ఒక్కరూ లేరు. తెలంగాణలో వీసీ పదవికి పేర్లు సూచించే సెర్చ్ కమిటీ అంటే ముగ్గురు: పాలకమండలి, యూజీసీ, ప్రభుత్వం తరఫున ఒక్కొక్కరు. వాళ్ల చెవిన మీ పేరు పడేది ఏ పనితో అని మేడమ్ ఒక్కొక్కరినీ నిలదీశారు. మధ్యాహ్నమంతా టెండర్ మీద, పేపర్ లీక్ మీద మాతో నోట్ ఫైళ్లు (పై అధికారి నిర్ణయం కోసం ఫైల్లో పెట్టే నోట్లు) రాయించి, ఎర్ర పెన్నుతో కొట్టేశారు. నా నోట్ మూడుసార్లు వెనక్కొచ్చింది.

మూడో రోజు యోగా, గ్రూప్ ఫొటో.

భోజనం బాగుంది, పప్పుచారు మరీ బాగుంది. ఆడవాళ్ల కోసమని పెట్టి, శని ఆదివారాలు కలిపి, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు మాత్రం మరిచారు. ఒకావిడ చంటిదాన్ని ఒళ్లో పెట్టుకునే ఫైలు రాసింది.

ప్రొఫెసర్లకంటే అసిస్టెంట్ ప్రొఫెసర్లు వెళ్తేనే లాభం, వాళ్ల చేతిలో ఇంకా టైముంది. కట్టేముందు ఫోన్ చేసి రిజిస్ట్రార్ మేడమ్ వస్తున్నారో లేదో కనుక్కోండి. ఆ ఒక్క రోజుకే ఫీజు కడతామంటే ఒప్పుకోరు, నేను అడిగి చూశాను.