స్విస్ సైనికుల పాత చాకు, దాని బదులు వచ్చిన 08: రెండూ ఏళ్ళ తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను, పొద్దున ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పుడు నా ప్యాంటు కుడి జేబులో ఉండేది పాతదే. కొత్తది పనికిరాదని కాదు, పనిలో చాలా చోట్ల కొత్తదే మెరుగు. అయినా రోజూ చేతికొచ్చేది పాతదే ఎందుకయిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

స్విస్ చాకు అనగానే మన వాళ్ళందరికీ గుర్తొచ్చేది ఎర్ర పిడి, దాని వెనక వైన్ సీసా బిరడా లాగే మెలికలు తిరిగిన కార్క్‌స్క్రూ. అది 1897లో వచ్చిన ఆఫీసర్ చాకు వంశం. స్విట్జర్లాండ్ సైన్యం తన సైనికుల చేతికి ఇచ్చింది అది కాదు. 1961 నుంచి 2008 దాకా ఇచ్చింది వెండి రంగులో ఉండే అల్యూమినియం పిడి చాకు. పిడి మీద చిన్న చిన్న గళ్ళు నొక్కి ఉంటాయి, ఒక పక్క ఎర్ర డాలు మీద తెల్ల శిలువ, అంతే అలంకారం. మడిస్తే 93 మిల్లీమీటర్లు, బరువు 70 గ్రాముల పైచిలుకు. లోపల నాలుగే పనిముట్లు: ఒక బ్లేడు, డబ్బా ఓపెనరు, సీసా మూత తీసే స్క్రూడ్రైవర్, తోలులో కన్నం పొడిచే మేకు లాంటిదొకటి. వైన్ సీసా తెరవడానికి ఏమీ లేదు. అసలు 1891లో మొదటి సైనికుల చాకు పుట్టిందే డబ్బా తిండి తెరుచుకోవడానికి, అప్పుడే వచ్చిన కొత్త రైఫిల్ విప్పుకోవడానికి.

నాది 87ది. బ్లేడు మొదట్లో, పిడికి ఆనుకుని, సంవత్సరం చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. ఉద్యోగం కోసం స్విట్జర్లాండ్‌లోని బాడెన్ ఊరికి వచ్చిన రెండో ఏడాది, 2008లో, శనివారం పాత సామాన్ల సంతలో 15 ఫ్రాంకులకి కొన్నాను. ఇక్కడ మగవాళ్ళకి సైనిక శిక్షణ తప్పనిసరి, అక్కడ ఇచ్చిన చాకు వాళ్ళకే ఉండిపోతుంది, అందుకే ఇలాంటివి ప్రతి ఇంట్లో ఒకటో రెండో సొరుగులో పడి ఉంటాయి, తాతలు పోయాక సంతకి వస్తాయి. నాది ఎవరిదో తెలీదు. పిడి మీద గళ్ళు ఒక మూల నున్నగా అరిగిపోయి ఉన్నాయి, సరిగ్గా బొటనవేలు ఆనే చోట.

నేను అది కొన్న ఏడాదే కొత్త చాకు గొడవ. సైన్యం కొత్త డిజైన్ కావాలని టెండర్ పిలిచింది, ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల ప్రకారం విదేశీ కంపెనీలు కూడా వేయొచ్చు, దాంతో రేపు మన సైనికుడి చాకు చైనా నుంచి వస్తుందా అని క్యాంటీన్‌లో మా ఆఫీసు వాళ్ళు భోజనం చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళు. చివరికి టెండర్ గెలిచింది పాత చాకులు చేసిన స్విస్ కంపెనీ విక్టోరినాక్సే, 75 వేల చాకులు. 2009 నుంచి సైనికులకి ఇవ్వడం మొదలుపెట్టారు. పేరు కూడా సాదాగా సైనికుల చాకు 08. బయట షాపుల్లోకి వచ్చాక 2010లో నేనూ ఒకటి కొన్నాను.

పక్కపక్కన పెడితే రెండూ ఒకే కంపెనీవని చెప్పడం కష్టం. కొత్తది 111 మిల్లీమీటర్లు, 131 గ్రాములు. పిడి ఆకుపచ్చ ప్లాస్టిక్, మధ్యలో జారకుండా నల్లటి మెత్తటి పట్టీలు. బ్లేడుకి పెద్ద కన్నం, దాంట్లో బొటనవేలు పెట్టి ఒంటిచేత్తో తెరవొచ్చు. తెరిచాక లోపలి రేకొకటి పక్కకి జరిగి బ్లేడు మడమకి అడ్డం పడుతుంది, అదే లాక్. కట్టెలు కోసే రంపం ఉంది, స్టార్ స్క్రూడ్రైవర్ ఉంది. పాతదాంట్లో ఈ రెండూ లేవు.

ముందు లాక్ సంగతి, ఎందుకంటే నా కుడి చూపుడు వేలి మీద ఇప్పటికీ మచ్చ ఉంది. పాతదానికి లాక్ లేదు, వెనక స్ప్రింగ్ బిగువు మీదే బ్లేడు నిలబడుతుంది. మామూలుగా కోస్తే ఏం కాదు, బలం అంతా పదును వైపే పడుతుంది కాబట్టి. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, ప్లాస్టిక్ బకెట్ అడుగున నీళ్ళు పోవడానికి కన్నం పెడదామని (బాల్కనీలో గోంగూర వేద్దామన్న ఆశ) బ్లేడు మొనతో గుచ్చి తిప్పాను. మొన ఇరుక్కుంది, నేను వెనక్కి లాగబోయాను, బ్లేడు టక్కున మడతపడింది. మూడు కుట్లు. పక్కనే కన్నం పొడిచే మేకు ఉంది చూడండి, ఆ పని కోసమే పెట్టింది, దాన్ని వదిలేసి బ్లేడు వాడింది నేను. కాబట్టి తప్పు చాకుది అనలేను. కానీ 08 చేతిలో ఉంటే అదే తెలివితక్కువ పనికి కుట్లు పడేవి కావు, ఇది కూడా నిజమే.

అలాగని 08 ఏమీ సాధువు కాదు. మూసేటప్పుడు ఆ రేకుని బొటనవేలితో పక్కకి నెట్టాలి, సరిగ్గా ఆ క్షణంలో బొటనవేలు బ్లేడు దిగే దారిలోనే ఉంటుంది. కొన్న మొదటి నెలలో రెండుసార్లు గీసుకున్నాను, పెద్దవి కాదు, బ్యాండేజీతో పోయేవే. బ్లేడుని సగం దాకా మడిచి, వేలు తీసేసి, అప్పుడు మిగతాది నొక్కాలి. ఒక్కసారి అలవాటైతే చేతులే చూసుకుంటాయి.

ఒంటిచేత్తో తెరవడం గురించి మొదట్లో నాకు చులకనే. రెండు చేతులున్న మనిషికి అదెందుకు అనుకునేవాణ్ణి. జనవరిలో మంచులో నడకకి వెళ్ళిన రోజు తెలిసింది. ఒక చేత్తో కర్ర, చేతులకి గ్లౌజులు, మా వాడి బూటు లేసు ముడిపడి గడ్డకట్టి ఇనపతీగలా అయింది. పాతదాన్ని తెరవాలంటే బ్లేడు మీదున్న సన్నటి గాడిలో గోరు పెట్టి లాగాలి, గ్లౌజు తీయక తప్పదు, తీస్తే ఆ అల్యూమినియం పిడి చేతికి ఐసుగడ్డలా తగులుతుంది. 08 అయితే గ్లౌజుతోనే కన్నం దగ్గర నెడితే తెరుచుకుంది, లేసు మీద పెట్టి ఒక్కసారి లాగితే తెగింది. మంచులో కాపలా కాసే సైనికుడి కోసం ఇది మార్చారన్న మాట అప్పుడు బుర్రకెక్కింది.

అయితే ఈ సౌకర్యమే ఇంకో చోట తలనొప్పి. మేము ఇక్కడి తెలుగువాళ్ళం నెలకోసారైనా సరుకులకి సరిహద్దు దాటి జర్మనీలోని వాల్డ్‌షుట్ వెళ్తాం, అక్కడ ధరలు తక్కువ. జర్మనీలో 2008 నుంచి, ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడే చాకుని సరైన కారణం లేకుండా వెంట పెట్టుకుని తిరగకూడదని చట్టం. చికెన్ కొనడానికి వచ్చానండి అంటే సరైన కారణం కింద చెల్లదు కదా. శనివారం పొద్దున్నే సంచిలోంచి 08 తీసి బల్ల మీద పెట్టడం, సాయంత్రం మళ్ళీ సంచిలో వేయడం, ఒక్కోసారి మర్చిపోయి నది మీద వంతెన దాటాక గుర్తొచ్చి ఆ రోజంతా టెన్షన్. పాతదానికి లాక్ లేదు కాబట్టి ఆ పట్టింపు లేదు. ఇలా ఒకటికి పదిసార్లు జరిగాకే పాతది జేబులో స్థిరపడిపోయింది.

జేబు అన్నాను కాబట్టి ఇంకో మాట. 131 గ్రాములంటే కాగితం మీద ఏమీ కాదు, పలచటి కాటన్ ప్యాంటు జేబులో వేసుకుని మెట్లెక్కితే మాత్రం ప్రతి అడుగుకీ తొడకి కొట్టుకుంటుంది. పాతది తాళాల గుత్తి పక్కన ఉందో లేదో కూడా తెలీదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. 08 బ్లేడు ముందు భాగం, మొన వైపు ఎక్కువ మేర, కొడవలికి కక్కు పెట్టినట్టు పళ్ళు. పిడి దగ్గర కొంచెం మాత్రం నున్నటి పదును. తాళ్ళు, బెల్టులు, అట్టపెట్టెలు కోయడానికి ఆ పళ్ళని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ మనిషి జేబు చాకుతో ఎక్కువగా కోసేదేమిటి? తిండి. ఆపిల్ కోస్తే ముక్క మీద చారలు. మామిడిపండు సంగతి ఇంకా ఘోరం, చెక్కు తీయబోతే పళ్ళు గుజ్జులోకి దిగి చీలుస్తాయి, సగం రసం మణికట్టు మీదుగా మోచేతికి కారిపోతుంది. పాతదాని పలచటి బ్లేడుతో అదే పండు చెక్కు తెగకుండా రిబ్బనులా తీయొచ్చు. రైల్లో ఎదురు సీటు పెద్దావిడ నేనలా తీస్తుంటే పండు అయిపోయేదాకా చూస్తూ కూర్చుంది.

పదును పెట్టడంలో కూడా అంతే. పాతదాని ఉక్కు మరీ గట్టిది కాదు, తొందరగానే మొద్దుబారుతుంది, కానీ అంత తొందరగానూ పదునెక్కుతుంది. మామూలు సానరాయి మీద నీళ్ళు చల్లి అయిదు నిమిషాలు రుద్దితే చాలు, రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి దాని అడుగు గరుకు అంచు మీద గీసినా పని నడుస్తుంది. 08 పళ్ళని రాయి మీద పెడితే కొనలే అరుగుతాయి, మధ్య గుంటల్లోకి రాయి వెళ్ళదు. సన్నటి కడ్డీ తెచ్చి ఒక్కో గుంటనీ విడిగా రుద్దాలి. నేను ఓపిక పట్టి ఒకేసారి చేశాను, ఆదివారం మధ్యాహ్నం అంతా పోయింది.

రంపానికి మాత్రం వంక పెట్టలేను. బొటనవేలంత కొమ్మ అర నిమిషంలో తెగుతుంది, పచ్చిదైనా ఇరుక్కోదు. స్టార్ స్క్రూడ్రైవర్ కూడా రోజూ పనికొచ్చేదే, పాతదాంట్లో అది లేని లోటు నేను డబ్బా ఓపెనరు కొనతో గడుపుకుంటాను, చాలా స్టార్ స్క్రూలకి అది పట్టేస్తుంది. పాతదాని పెద్ద స్క్రూడ్రైవర్ మీద ఎంత బలమైనా పెట్టొచ్చు, రంగు డబ్బాల మూతలు దాంతోనే లేపుతాను. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, పిడి అంతా లోహం, కరెంటు ఉన్న చోట దాన్ని అస్సలు తీయకండి.

శుభ్రం చేయడం రెండింటికీ ఒకటే, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి అన్నీ తెరిచి మూసి, ఆరాక కీళ్ళ దగ్గర ఒక చుక్క నూనె. ఆవకాయ ప్యాకెట్ కోసి తుడవకుండా మూసేశారంటే మాత్రం వారం తిరిగేసరికి లోపల ఉప్పూ కారం పట్టి బ్లేడు కరకరమంటుంది. అనుభవం.

ఇక 08 ఇప్పుడు నా దగ్గర లేదు. నాలుగేళ్ళ కింద సంక్రాంతికి ఊరికి వెళ్తూ రెండూ పెద్ద సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్ళాను. మాది గూడూరు దగ్గర, నిమ్మతోట. పాతదాన్ని నాయన చేతిలో పెట్టాను, ఆయనకి నచ్చుతుందని నా నమ్మకం, చూడటానికి పాతకాలం సరుకులా ఉంటుంది కదా. ఆయనకి డెబ్భై దాటాయి. గోరు గాడిలో పెట్టి రెండుసార్లు లాగారు, రాలేదు, మూడోసారి గోరు విరిగింది. "ఇది నీకే ఉండనీరా" అని వెనక్కిచ్చేశారు. అప్పుడు 08 ఇస్తే, కన్నంలో బొటనవేలు పెట్టి తెరిచి, పళ్ళు చూసి, "ఏందిరా ఇది, కత్తా కక్కు కొడవలా" అన్నారు. అన్నారే గానీ మళ్ళీ నా చేతికి రాలేదు. డ్రిప్ పైపులు కోయడానికి అదే, ఎరువు బస్తాల కుట్లు తెంచడానికి అదే, ఎండిన కొమ్మలు కోయడానికి దాని రంపమే. నేను తిరుగు ప్రయాణానికి సర్దుకుంటుంటే ఆయన తోటలో ఉన్నారు, చాకు ఆయన పంచె మడతలో ఉంది. అడగలేదు.

ఏడాది తర్వాత ఫోన్‌లో, పళ్ళు మొద్దుబారినాయి, రాయికి అందడం లేదు అన్నారు. కడ్డీ పంపిస్తాను, ఆగండి అన్నాను. పోయినసారి వెళ్ళినప్పుడు చూస్తే, వీధిలోకి సైకిల్ మీద వచ్చే సాన పట్టే మనిషి చేత పళ్ళన్నీ అరగదీయించేసి ఉన్నారు. బ్లేడు ముందు భాగం నున్నగా మెరుస్తోంది, వెడల్పు కొంచెం తగ్గింది, పిడి దగ్గర కంపెనీ పదును ఉన్నచోట చిన్న మెట్టులా మిగిలింది. ఇరవై రూపాయలు తీసుకున్నాడట. నేను నోరు తెరిచేలోపే నాయన దాంతో ఒక బంగినపల్లి చెక్కు తీసి, ముక్క కోసి నా చేతిలో పెట్టారు.