సిప్రి సైనిక ఖర్చుల డేటాబేస్: ఫ్రీగా దొరికే మంచి ఫైలు, కానీ ఒక్క షీట్ చూసి వాదనకి దిగకండి

డాలస్‌లో ఉండే మా బావగారికీ నాకూ ఆదివారం పొద్దున ఫోన్లో నాటో మీద, అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి మీద, వాదన మామూలే. "మా ట్యాక్సులతో యూరప్ వాళ్ళకి ఎన్నాళ్ళయ్యా కాపలా" అంటారాయన. టీవీలో విన్న ముక్కలు పట్టుకుని ఎంతసేపని వాదిస్తాం, అందుకని స్టాక్‌హోమ్‌లో ఉండే సిప్రి అనే శాంతి పరిశోధన సంస్థ వాళ్ళ సైనిక ఖర్చుల డేటాబేస్ డౌన్‌లోడ్ చేసుకున్నా, నెల రోజులుగా వాడుతున్నా.

పైసా కట్టక్కర్లేదు. ఎక్సెల్ ఫైలు, లెక్కలు 1949 నుంచి ఉన్నాయి. డాలర్లలో ఎంత, జీడీపీలో ఎంత శాతం, తలసరి ఎంత, ప్రభుత్వ ఖర్చులో వాటా ఎంత అని దేనికదే విడి షీట్. నాకు బాగా నచ్చింది అంకెల రంగులు. నీలం రంగులో ఉంటే అది వాళ్ళు వేసిన అంచనా, ఎరుపులో ఉంటే అసలు గట్టిగా నమ్మలేని లెక్క అని అర్థం. తెలియనిది తెలియదని ఆ గడిలోనే చెప్పేయడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

డాలర్ల షీట్ తీస్తే బావగారిదే పైచేయి. 2024లో నాటోలోని 32 దేశాలూ కలిపి 1,506 బిలియన్ డాలర్లు పెడితే అందులో అమెరికా ఒక్కటే 997. అంటే మూడింట రెండొంతులు. అయితే ఆ డబ్బంతా యూరప్ కోసం కాదు కదా, పసిఫిక్‌లో నౌకలకీ పశ్చిమాసియాలో స్థావరాలకీ అందులోంచే పోవాలి. శాతం షీట్‌కి వెళ్తే కథ మారిపోతుంది, అక్కడ పోలండ్ 4.2 శాతంతో అమెరికా కన్నా పైన ఉంది.

చాలామంది పొరబడేది ఇంకోటుంది. ప్రతి నాటో దేశం సైన్యం మీద జీడీపీలో 2 శాతం పెట్టాలని 2014 వేల్స్ సమావేశంలో అనుకున్నారు, అది అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాంటిది కాదండీ, ఎవరూ నాటోకి కట్టేది కాదు, ఎవరి సైన్యం మీద వాళ్ళు పెట్టుకునే ఖర్చు. నాటో ఉమ్మడి నిధి వేరే ఉంది, అది చాలా చిన్నది, 2024లో అందులో అమెరికా వాటా దాదాపు 16 శాతం, జర్మనీ కూడా అంతే కట్టింది. ఇది చెప్పాక బావగారు కాసేపు ఏం మాట్లాడలేదు.

శాతాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. గ్రీస్ ఎప్పట్నుంచో 2 శాతం దాటే ఉంది, దానికి పెద్ద కారణం పక్కనే ఉన్న టర్కీ, చూస్తే అదీ నాటో దేశమే! పైగా జీడీపీ పడిపోతే ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకపోయినా శాతం పెరుగుతుంది. 2024లో 2 శాతం అందుకున్నవి 18 దేశాలని సిప్రి లెక్క, అదే ఏడాది జూన్‌లో నాటో 23 అంది. నాటోది ఏడాది మధ్యలో వేసిన అంచనా, లెక్క కట్టే పద్ధతులు కూడా వేరు. అందుకే నాటో లెక్కల పీడీఎఫ్ కూడా పక్కనే పెట్టుకుని చూడండి.

ఏ షీట్‌లోనూ దొరకనిది ఒకటుంది, అది నన్ను బాగా కదిలించింది. ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అనే నాటో ఒప్పందంలోని 5వ ఆర్టికల్‌ని ఇప్పటిదాకా వాడింది ఒక్కసారే, 2001లో అమెరికా కోసం. ఆ తర్వాత అఫ్ఘానిస్తాన్‌లో డెన్మార్క్ సైనికులు 40 మందికి పైగా చనిపోయారు, ఆ దేశం మొత్తం జనాభా మన హైదరాబాద్ కన్నా తక్కువ. అప్పట్లో డెన్మార్క్ ఖర్చు 2 శాతం లోపే. భారం ఎవరు మోశారని ఆ పిల్లల తల్లుల్ని అడిగితే శాతం చెప్తారా?

ఏళ్ళ మధ్య పోల్చాలంటే మటుకు ధరల పెరుగుదల తీసేసిన స్థిర డాలర్ల షీటే వాడండి, మామూలు డాలర్లది చూస్తే తప్పుదారి పడతారు. ఫుట్‌నోట్లు వదలొద్దు. ఫోన్లో కష్టం, ల్యాప్‌టాప్‌లో తెరవండి. ఐదుకి నాలుగున్నర ఇస్తా. ఫైలు బావగారికి కూడా పంపా, ఈ ఆదివారం జపాన్ సంగతి తేలుద్దాం అన్నారు, దశాబ్దాల పాటు ఒక శాతం దగ్గరే ఉండి ఈమధ్యే పెరిగిన ఆ వరసని ఇప్పుడే మార్క్ చేసి పెట్టుకున్నా.