ఫ్రాంక్స్‌లో ఏ ఇంజన్: 1.2 మామూలుదా, 1.0 టర్బోనా?

మారుతి ఫ్రాంక్స్ కారు పెట్రోల్‌లో రెండు రకాలు: నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజన్ (శక్తి సుమారు 90 పీఎస్, టార్క్ అంటే తిప్పే బలం 113 ఎన్ఎం), మూడు సిలిండర్ల 1.0 లీటర్ టర్బో (100 పీఎస్, 147.6 ఎన్ఎం).

పీఎస్ తేడా చూసి 'ఇంతేనా' అనుకోకండి. టార్క్ ఎప్పుడు అందుతుందన్నదే అసలు సంగతి. 1.2లో పూర్తి టార్క్ 4,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర గానీ రాదు. టర్బోలో ఇంజన్ వదిలే వేడి వాయువులే టర్బైన్‌ను తిప్పి సిలిండర్లలోకి అదనంగా గాలిని నెట్టిస్తాయి, కాబట్టి 2,000కే పూర్తి బలం. నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది, మాటిమాటికీ గేరు తగ్గించక్కర్లేదు. 2,000 లోపు మాత్రం కాస్త నీరసమే.

మైలేజీకొస్తే, మాన్యువల్‌లో కంపెనీ లెక్క లీటరుకు 1.2కి 21.79, టర్బోకి 21.5 కిలోమీటర్లు. కాగితం మీద తేడా లేనట్టే. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే టర్బో పెట్రోల్ తాగేస్తుంది: ఎక్కువ గాలికి ఎక్కువ ఇంధనం కావాలి కదా! ఆటోమేటిక్‌లో అయితే 1.2 ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే క్లచ్, గేర్లు వాటంతటవే మారే రకం) 22.89, టర్బో 20.01. కాకపోతే ఏఎంటీ కుదుపులు నాకు నచ్చవు.

సిటీలోనే తిరిగేవాళ్లకు 1.2 చాలు, ఖర్చూ తక్కువ. తరచూ హైవే ఎక్కేవాళ్లు టర్బో తీసుకోండి, ఆయిల్ మార్పు మాత్రం వాయిదా వేయొద్దు. టర్బో షాఫ్ట్ (టర్బైన్ ఇరుసు) తిరిగేది ఆ ఆయిల్ పొర మీదే.